రాయలేదన్న బాధ – దాని మంచిచెడ్డలు

(తృతీయ సంవత్సరం, బి.యస్సీ.)

మన కళాశాలలో రాయాలనే కోరిక ఉన్నవాళ్ళు తక్కువేమీ కాదు. అయితే సావనీరుకు వ్యాసం ఇమ్మని అడిగితే చాలు, ఈ వరండా వదిలి ఆ వరండా వెంట పోయేవాళ్ళే ఎక్కువ. "ఏం రాస్తాంలే గురూ, కలం ముట్టుకుని ఎన్నాళ్ళయిందో!" అంటారు. ఆ మాట నవ్వుతూనే అంటారు గాని, దాని వెనకాల ఒక నొప్పి ఉంటుంది. ఇంటర్లో కవితలు రాసినవాడు డిగ్రీకి వచ్చాక రాయడంలేదు. డైరీ మొదలుపెట్టినమ్మాయి సంక్రాంతి దాకా రాసి ఆపేసింది. రాయని రోజులు పెరిగేకొద్దీ బాధ పెరుగుతుంది. బాధ పెరిగేకొద్దీ కాగితం దగ్గరికి పోవాలంటే భయం వేస్తుంది. చివరికి ఆ కోరికే చచ్చిపోతుంది. ఇలా మన మధ్య నోరు మూసుకున్న కలాలు ఎన్ని ఉన్నాయో!

ఈ బాధ ఎలాంటిది, ఎక్కడ న్యాయమైనది, ఎక్కడ కాదు, దానితో ఏం చేయాలి అనే సంగతులు ఒక క్రమంలో పెట్టి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం. సైన్సు విద్యార్థికి ఈ గొడవ ఎందుకనవచ్చు. రాత అవసరం సాహిత్య విద్యార్థులకెంతో సైన్సు విద్యార్థులకూ అంతే అని ముందు ముందు తేలుతుంది.

1. ఒకే పేరు, రెండు బాధలు

"రాయలేదు" అని మనం బాధపడేటప్పుడు నిజానికి రెండు వేరు వేరు బాధలు కలిసిపోయి ఉంటాయి. 1971లో హెలెన్ బ్లాక్ లూయిస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన గ్రంథంలో అపరాధ భావానికీ సిగ్గుకూ ఉన్న తేడాను వివరించింది. అపరాధ భావం పని మీద నిలబడుతుంది. "నేను ఈ పని చేయలేదు" అంటుంది. సిగ్గు మనిషి మీదనే పడుతుంది. "నేను చేతకానివాణ్ణి" అంటుంది.

మొదటిదానికి మందు ఉంది. చేయని పనిని చేస్తే సరిపోతుంది. రెండోదానికి అలా తేలికగా మందు లేదు. చేతకానివాడు ఏం చేసినా చేతకానివాడే గదా! అందుకే సిగ్గు పడినవాడు పని చేయడు, దాక్కుంటాడు. పత్రిక సంపాదకుణ్ణి చూసి పక్క దారి పట్టేవాడూ, తెలుగు మేష్టారు ఎదురైతే తల వంచుకునేవాడూ ఈ రెండో బాధలో ఉన్నవాళ్ళే. కనుక మొదట చేయవలసిన పని, మన బాధ ఏ వాక్యంలో ఉందో చూసుకోవడం. "ఈ నెల కథ పూర్తి చేయలేదు" అనేది ఒక వాక్యం. "నేను రచయితను కాను, ఎప్పటికీ కాలేను" అనేది మరో వాక్యం. రెండోదాన్ని మొదటిదానికి దించుకోగలిగితే సగం బరువు దిగినట్టే.

2. పల్లె నుంచి వచ్చినవాళ్ళకు మరో ముడి

మనలో చాలామంది ఇళ్ళల్లో కాలేజీ మెట్లెక్కినవాళ్ళు మనమే మొదటివాళ్ళం. వాళ్ళకు ఈ బాధ ఇంకో ముడితో వస్తుంది. ఇంట్లో అమ్మ మోకాటి లోతు బురదలో నాట్లు వేస్తూ ఉంటుంది. నాన్న రాత్రివేళ కరెంటు వచ్చినప్పుడు లేచి మోటారు వేయడానికి పోతాడు. కొడుకో కూతురో ఇక్కడ ఫాను కింద కూర్చుని ఒక వాక్యం కోసం పైకప్పు చూస్తూ ఉంటారు. రాస్తే పని ఎగ్గొట్టినట్టుంటుంది. రాయకపోతే వాళ్ళు పంపించిన చదువును వృథా చేసినట్టుంటుంది. ఎటు చూసినా తప్పే!

ఈ ముడి విప్పడానికి వ్యవసాయం లోనే ఒక మాట ఉంది. రైతు రోజూ పొలం చూసి వస్తాడు. దుక్కి లేదు, కలుపు లేదు, నీళ్ళు పెట్టే వంతు కాదు, అయినా తెల్లవారుజామున గట్ల మీద ఒక చుట్టు తిరిగి వస్తాడు. గండి పడిందేమో, పురుగు పట్టిందేమో, పశువులు పడ్డాయేమో చూస్తాడు. ఆ తిరుగుడుకు కూలి లేదు, దిగుబడి లెక్కలో దానికో గడి లేదు. అయినా దాన్ని సోమరితనం అని పల్లెలో ఎవరూ అనరు. పొలం చూడని రైతునే అంటారు. కాగితం ముందు కూర్చోవడం కూడా అలాంటిదే. వాక్యం రాని రోజున కూర్చున్న అరగంట కూడా ఆ చేను చూసి వచ్చిన లెక్కలోకే వస్తుంది.

మరో సంగతి. మన ఊళ్ళలోని పనిముట్ల పేర్లు, వాన జాడ చెప్పే మాటలు, పెద్దవాళ్ళకు మాత్రమే గుర్తున్న పాత వరి రకాల పేర్లు, నాట్ల పాటలు రాసిపెట్టగలిగిన స్థితిలో ఉన్నది ఆ ఊరు తెలిసి, చదువూ వచ్చినవాళ్ళు. అంటే మనమే. మనం సిగ్గుతో కలం మూసుకుంటే పోయేది మన పేరొక్కటే కాదు.

3. ఏ రాత వాయిదాకు ఆగదు?

రాతలన్నీ ఒక్కటి కావు. కొన్ని ఆ రోజే రాయాలి. కొన్ని పండేదాకా ఆగాలి. ఈ రెంటినీ ఒకే కుంచంతో కొలవడం వల్లనే సగం చిక్కు వస్తోంది.

కెమిస్ట్రీ లాబులో టైట్రేషన్ చేస్తాం. బ్యూరెట్ రీడింగు కళ్ళతో చూస్తాం. ఆ అంకెను ఆ క్షణంలో అబ్జర్వేషన్ పుస్తకంలో వేయాలి. "తర్వాత వేద్దాంలే" అనుకుంటే సాయంకాలానికి అది జ్ఞాపకం కాదు, ఊహ అవుతుంది. నెలాఖరులో రికార్డు సంతకానికి పెట్టే రాత్రి హాస్టల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. రావలసిన జవాబు ముందు వేసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి నడిచి రీడింగులు తయారుచేస్తారు. మూడు రీడింగులూ ముచ్చటగా ఒక్కటే వస్తాయి! అక్కడ పోయింది మార్కు కాదు, నిజం. ఇలాంటి రాత రాయలేదని బాధ కలిగితే ఆ బాధ న్యాయమైనదే. దానికి ఓదార్పు అక్కరలేదు. ఈ రోజు రీడింగు ఈ రోజే వేయడమే దాని మందు.

చార్లెస్ డార్విన్ తన ఆత్మకథలో తాను పాటించిన ఒక నియమం చెప్పుకున్నాడు. తన సిద్ధాంతానికి ఎదురు వచ్చే సంగతి ఏది కనబడినా వెంటనే రాసిపెట్టుకునేవాడట. అనుకూలమైన సంగతులకంటే ప్రతికూలమైనవి తొందరగా మరుపున పడతాయని ఆయన అనుభవం. ఆ నియమం మన లాబు గోడ మీద ఉండదగ్గది.

ఊరినుంచి వచ్చిన కబురుకు జవాబు, ఇచ్చిపుచ్చుకున్న డబ్బు లెక్క, వినగానే నచ్చిన ఒక సామెత, ఒక ముసలాయన చెప్పిన పాత సంగతి, ఇవన్నీ కూడా ఆ రోజే రాయవలసిన జాతి. వీటికి శైలి అక్కరలేదు. ఒక గీత రాసినా చాలు.

కవిత, కథ, వ్యాసం, సిద్ధాంతం, వీటి దారి వేరు. వీటికి వ్యవధి కావాలి. వీటి విషయంలో రాసిన పుటల లెక్కతో మనసును కొట్టుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

4. ఎంత రాస్తే చాలు?

ఈ ప్రశ్నకు ఒకే జవాబు లేదని మన సాహిత్యమే చెబుతుంది. కొడవటిగంటి కుటుంబరావు (1909–1980) భౌతికశాస్త్రం చదివినవాడు. కథలు, నవలలు, గల్పికలు, సినిమా వ్యాసాలు, సైన్సు వ్యాసాలు వేల పుటలు రాశాడు. రాయడమే ఆయన వృత్తి. ఎన్నో ఏళ్ళు 'చందమామ' పనిలో గడిపాడు. చాగంటి సోమయాజులు, అంటే మన చాసో (1915–1994), రాసినవి కొద్ది కథలు. 'వాయులీనం', 'కుంకుడాకు', 'ఎందుకు పారేస్తాను నాన్నా' చదివినవాళ్ళెవరూ "ఈయన ఇంకా ఎక్కువ రాయలేదేం?" అని లోటు పట్టరు. చదువు ఆగిపోయిన ఆ పిల్లవాడు ఒక్క కథలోనే మన మనస్సులో శాశ్వతంగా నిలిచిపోయాడు. ఒకరి పుటల లెక్కతో రెండోవారిని కొలిస్తే ఇద్దరికీ అన్యాయమే.

గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శితమయింది. 1897లో అచ్చయింది. ఆయన దాన్ని అక్కడితో వదిలిపెట్టలేదు. ఎంతో మార్చి పెంచి 1909లో మళ్ళీ అచ్చు వేశారు. ఈనాడు మనం చదివేది ఆ రెండో కూర్పునే. కొత్త పుస్తకాల జాబితా మాత్రమే చూసేవాడికి ఆ నడిమి ఏళ్ళు ఖాళీగా కనబడవచ్చు. మధురవాణి పెరిగి పెద్దదయింది ఆ ఏళ్ళలోనే. ఆయన 'కొండుభట్టీయం', 'బిల్హణీయం' మాత్రం పూర్తి కాలేదు. పూర్తికాని రాతలు గురజాడకే ఉన్నప్పుడు మన సంచీలో రెండు ఉంటే అంత తలవంపు ఏమిటి?

ఇంగ్లండులో ఆంథొనీ ట్రాలప్ అనే నవలాకారుడు పోస్టాఫీసు ఉద్యోగి. తెల్లవారుజామున అయిదున్నరకు బల్ల ముందు కూర్చునేవాడు. గడియారం ఎదురుగా పెట్టుకుని ప్రతి పావుగంటకు 250 మాటలు రాయాలని తనకు తానే కట్టడి పెట్టుకున్నాడు. వారానికి ఎన్ని పుటలు రాశాడో ఒక పుస్తకంలో వేసుకునేవాడు. తక్కువ పడిన వారం ఆ పుస్తకంలో కంటికి నలుసులా ఉండేదని తానే చెప్పుకున్నాడు. ఆ పద్ధతిలో 47 నవలలు రాశాడు. మరోవైపు జర్మనీ గణిత శాస్త్రజ్ఞుడు గౌస్ ముద్రిక మీద కొద్దికాయల చెట్టు ఉండేది, 'కొద్దివే గాని పండినవి' అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో. ట్రాలప్ పద్ధతి గౌస్‌కు పనికిరాదు. గౌస్ పద్ధతి ట్రాలప్‌కు పనికిరాదు. మన స్వభావం ఏదో, మన రోజులో ఖాళీ ఎంతో చూసుకుని మన కొలత మనమే పెట్టుకోవాలి. పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రం దాకా క్లాసులు, లాబులు ఉన్న విద్యార్థి, రాతే వృత్తి అయినవాడితో పోల్చుకుని కుంగిపోవడం లెక్కలోనే తప్పు.

5. డార్విన్ ఇరవై ఏళ్ళు

రాయలేదన్న బాధకు సైన్సు చరిత్రలో అందరూ చూపించే పెద్ద ఉదాహరణ డార్విన్. బీగిల్ ఓడ ప్రయాణం ముగించుకుని 1836లో ఇంటికి చేరాడు. 1837లో జీవజాతుల మార్పుమీద మొదటి నోటు పుస్తకం తెరిచాడు. 1838లో మాల్థస్ పుస్తకం చదివాక ప్రకృతివరణం అనే ఊహ తట్టింది. 1842లో పెన్సిలుతో 35 పుటల చిత్తు రాశాడు. 1844లో దాన్ని 230 పుటలకు పెంచాడు. తాను చనిపోతే దాన్ని అచ్చు వేయించమని భార్యకు ఉత్తరం కూడా రాసిపెట్టాడు. అయినా అచ్చుకు ఇవ్వలేదు. 1846నుంచి 1854దాకా ఓడల అడుగునా, సముద్రపు రాళ్ళమీదా అంటుకుని పెరిగే బార్నకిల్స్ అనే చిన్న జీవుల్ని కోసి చూస్తూ కూర్చున్నాడు! ఆ ఎనిమిదేళ్ళలో దాదాపు రెండేళ్ళు జబ్బుతో పోయాయని ఆత్మకథలో రాసుకున్నాడు.

1858 జూన్‌లో తూర్పు దీవులనుంచి ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ పంపిన వ్యాసం వచ్చింది. అందులో ఉన్నది అదే సిద్ధాంతం. వాలెస్ జ్వరంలో ఉండగా ఆ ఊహ తట్టి, రెండు మూడు రోజుల్లో రాసి పంపాడు. 1858 జూలై 1న లండన్ లిన్నేయన్ సొసైటీలో ఇద్దరి రాతలూ కలిపి చదివారు. డార్విన్ ఆ సభకు పోలేదు. ఆ రోజుల్లోనే ఆయన పసిబిడ్డ ఒకడు జ్వరంతో పోయాడు. తర్వాత 13 నెలల పైచిలుకు కష్టపడి పుస్తకం పూర్తిచేశాడు. 1859 నవంబరు 24న 'ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్' వెలువడింది.

ఈ కథను చాలాకాలం "డార్విన్ భయపడి ఇరవై ఏళ్ళు దాచుకున్నాడు" అని చెప్పుకున్నారు. 2007లో జాన్ వాన్ వై అనే చరిత్రకారుడు పాత కాగితాలన్నీ వెదికి వేరే మాట చెప్పాడు. డార్విన్ దాచుకోలేదు, ముందు చేతిలో ఉన్న పనులు పూర్తిచేశాడు అన్నాడు. నిజమే మరి. ఆ ఏళ్ళలో ఆయన ప్రయాణ గ్రంథం, పగడపు దిబ్బలమీద గ్రంథం, బార్నకిల్స్ సంపుటాలు వెలువడ్డాయి. ఒక జాతిలో జీవికీ జీవికీ ఎంత తేడా ఉంటుందో బార్నకిల్స్ దగ్గరే ఆయన కళ్ళారా చూశాడు. అది లేకపోతే తర్వాతి పుస్తకానికి అంత బలం వచ్చేది కాదు.

డార్విన్ రోజుకు ఎంతసేపు రాత బల్ల దగ్గర ఉండేవాడో కూడా చూడండి. పొద్దున ఎనిమిదినుంచి తొమ్మిదిన్నర వరకు, మళ్ళీ పదిన్నరనుంచి పన్నెండు వరకు. మధ్యాహ్నానికి ఆ రోజు ముఖ్యమైన పని అయిపోయిందనుకునేవాడు. తర్వాత తోటలో నడక, ఉత్తరాలు, విశ్రాంతి. జబ్బుమనిషి మూడు గంటల పనితో అన్ని పుస్తకాలు ఎలా వచ్చాయంటే, ఆ మూడు గంటలూ ఏళ్ళ తరబడి రావడంవల్లనే. జబ్బు తినేసిన రోజులను కూడా ఆయన లెక్కలో పెట్టుకున్నాడు. తర్వాత మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చాడు.

6. దాచుకోవడంలో ఉన్న నష్టం

ఇంతవరకు చదివి, "సరే, పండనిద్దాం" అని కలం పక్కన పెట్టేవాళ్ళు ఉంటారు. వాళ్ళు రెండో వైపు కూడా చూడాలి.

గౌస్ పండినవే ఇస్తానని ఎన్నో విషయాలు తన దగ్గరే ఉంచుకున్నాడు. కనిష్ఠ వర్గాల పద్ధతిని ఫ్రాన్సులో లెజాండర్ 1805లో అచ్చు వేశాడు. 1809లో గౌస్ దాన్ని ప్రకటిస్తూ, తాను 1795నుంచే వాడుతున్నానన్నాడు. దాంతో తగాదా వచ్చింది. అంతకంటే విచారకరమైనది 1832 నాటి సంగతి. హంగరీలో యానోష్ బోయాయ్ అనే యువకుడు యూక్లిడ్ దారి విడిచిన కొత్త జ్యామితిని కనిపెట్టి అచ్చు వేశాడు. అతని తండ్రి గౌస్‌కు స్నేహితుడు. తండ్రి దాన్ని పంపితే, దీన్ని పొగిడితే నన్ను నేను పొగుడుకున్నట్టవుతుంది, ఇవన్నీ నేను ఎప్పుడో ఆలోచించినవే అని గౌస్ జవాబు రాశాడు. ఆ మాటకు ఆ యువకుడు కుంగిపోయాడు. పెద్దాయన తన ఆలోచనల్ని నాలుగు పుటల్లోనైనా ముందుగా బయటపెట్టి ఉంటే ఆ యువకుడికి ఆ దెబ్బ తగిలేది కాదు. రాయకపోవడంవల్ల నష్టం రాయనివాడొక్కడిదే కాదు.

వరినారు సంగతి రైతుబిడ్డలకు తెలిసిందే. సార్వాలో 25, 30 రోజుల నారు నాటుకు సరిగ్గా ఉంటుంది. కాలవ నీళ్ళు రాక నెల దాటితే నారుమడిలోనే ముదిరిపోతుంది. ముదురు నారు నాటితే పిలకలు తక్కువ వేస్తుంది. అలాగని ఆ నారును ఎవరూ పారేయరు. దగ్గర దగ్గరగా, కుదురుకు ఇంకో రెండు మొక్కలు ఎక్కువ వేసి నాటుతారు. మనసులో ముదిరిపోయిన వ్యాసాలకూ ఇదే పద్ధతి. మొదట అనుకున్నంత గొప్పగా రాదు. వచ్చినంత రానివ్వాలి. మడిలో ఎండనివ్వడంకంటే అది మేలు.

7. పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

అమెరికాలో రాబర్ట్ బాయిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విశ్వవిద్యాలయ అధ్యాపకుల రాత అలవాట్లను చాలాకాలం గమనించాడు. 1983లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 27 మంది అధ్యాపకులను మూడు జట్లు చేశాడు. తప్పనిసరి అయితే తప్ప రాయవద్దని ఒక జట్టుకు చెప్పాడు. మనసు పుట్టినప్పుడే రాయమని రెండో జట్టుకు చెప్పాడు. మూడో జట్టు మనసు ఉన్నా లేకున్నా నియమం ప్రకారం రాయాలి. మానేస్తే వాళ్ళకు గిట్టని సంస్థకు వాళ్ళ డబ్బే చందాగా పోతుంది! చివరికి ఎక్కువ పుటలు వచ్చింది మూడో జట్టుకు. అది ఊహించగలిగిందే. విచిత్రం ఏమంటే, కొత్త ఊహలు ఎక్కువ వచ్చినవి కూడా వాళ్ళకే. మనసు పుట్టాక రాయడం కాదు, రాయడం మొదలుపెట్టాక మనసు పుడుతుందన్నమాట. 27 మంది అంటే చిన్న సంఖ్యే. సైన్సు విద్యార్థిగా ఆ జాగ్రత్త చెప్పక తప్పదు. అయినా మనం పరీక్షించి చూసుకోదగ్గ ఫలితం.

రెండోది 2010లో ప్రచురించినది. కెనడాలో కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ వోల్, తిమోతి పిచిల్, షానన్ బెన్నెట్ అనేవాళ్ళు 119 మంది మొదటి సంవత్సరం విద్యార్థులను రెండు పరీక్షలమీద గమనించారు. మొదటి పరీక్షకు చదవకుండా వాయిదాలు వేసినవాళ్ళలో, "పోనీలే, అయిందేదో అయింది" అని తమను తాము క్షమించుకున్నవాళ్ళు రెండో పరీక్షకు తక్కువ వాయిదాలు వేశారు. తమను తాము తిట్టుకుంటూ కూర్చున్నవాళ్ళకు ఆ లాభం కలగలేదు.

మన పెద్దవాళ్ళు తిట్టకపోతే పని జరగదనుకుంటారు. మనల్ని మనం తిట్టుకోవడంకూడా ఆ నమ్మకంతోనే. పై ఫలితం దానికి ఎదురుగా ఉంది. తిట్టు బరువైపోతే మనిషి ఆ పని పేరు ఎత్తడానికే జంకుతాడు. వాయిదా వేస్తే కాసేపు ఆ బరువు కనబడదు. అందుకని మళ్ళీ వాయిదా వేస్తాడు.

8. ఆచరణలో పెట్టదగ్గవి

ఇక మనం చేయగలిగినవి కొన్ని.

(అ) రాయనిది ఏమిటో పేరు పెట్టండి. "ఏమీ రాయడంలేదు" అనే మాటకు అంతులేదు. "బావులు ఎండిపోవడంమీద నాలుగు పుటల వ్యాసం" అని ఒక కాగితంమీద వేస్తే దానికి మొదలూ చివరా కనబడతాయి. జాబితాలో అయిదు కంటే ఎక్కువ ఉంటే రెండు కొట్టివేయండి. ఫలానాది ఇక రాయను అని తేల్చుకోవడం కూడా ఒక నిర్ణయమే. అది సోమరితనం కాదు.

(ఆ) కొలత చిన్నదిగా పెట్టుకోండి. రోజుకు అరగంట. హాస్టల్లో భోజనాల గంటకు ముందు అరగంట దొరకనివాళ్ళు ఉండరు. పుటలు లెక్కపెట్టవద్దు, కూర్చున్న రోజులు లెక్కపెట్టండి. క్యాలెండరుమీద ఒక గీత చాలు.

(ఇ) ఏది రాతో నిజాయితీగా తేల్చుకోండి. కొట్టివేతలు రాతే. చిత్తు రాతే. వినికిడి మాటలు రాసిపెట్టుకోవడం రాతే. పుస్తకం చదవడం మాత్రం చదువే. సెల్‌ఫోను చూడడం రెండూ కాదు!

(ఈ) పోయిన రోజులకు వడ్డీ కట్టవద్దు. నిన్న అరగంట పోయిందని ఈ రోజు గంట, మొన్నటిది కూడా కలిపి రేపు రెండు గంటలు అని పెట్టుకుంటే అది వడ్డీమీద వడ్డీ. ఆ అప్పు తీరేది కాదు. షావుకారు పుస్తకంలో ఆ లెక్క ఎటు పోతుందో రైతుల ఇళ్ళల్లో చెప్పనక్కరలేదు. నిన్నటిది మాఫీ. ఈ రోజు అరగంట ఈ రోజుదే.

(ఉ) చిత్తును చిత్తుగానే ఉండనివ్వండి. మొదటి వాక్యమే అచ్చులో ఉన్నట్టుండాలని కూర్చుంటే పొద్దు పోతుంది. చిత్తు రాసేవాడొకడు, సాపు చేసేవాడొకడు అనుకోండి. ఇద్దరినీ ఒకేసారి బల్ల దగ్గర కూర్చోనివ్వవద్దు, పోట్లాడుకుంటారు.

(ఊ) ఒక్క మనిషికి చూపించండి. పదిమంది అక్కరలేదు. గది స్నేహితుడు, అక్క, ఒక అధ్యాపకుడు ఎవరైనా సరే. సిగ్గు చీకట్లో పెరుగుతుంది. నలుగురు చూసిన చిత్తుకాగితం ఎవరినీ చంపలేదు.

(ఋ) బాధ రాతను దాటిపోతే, అంటే నిద్ర పట్టక, తిండి సయించక, ఏ పనీ వద్దనిపించే దాకా వస్తే, అది రాతకు సంబంధించిన సంగతి కాదు. అప్పుడు అరగంట నియమాలు పక్కన పెట్టి ఇంటివాళ్ళతోనో, నమ్మకమైన అధ్యాపకుడితోనో, డాక్టరుతోనో మాట్లాడాలి.

9. ముగింపు

రాయలేదన్న బాధ అసలు కలగనివాడు రాయాలనుకోనివాడే. ఆ మేరకు అది మంచి గుర్తే. కాలేజీ గంటలాగ అది ఒకసారి మోగి మనల్ని లోపలికి పంపాలి. రోజంతా చెవిలో మోగుతూ ఉంటే పాఠం వినబడదు. లాబు రీడింగు లాంటి రాతలో ఆ గంటను వెంటనే వినాలి. కథ, కవిత, వ్యాసం లాంటి రాతలో మాత్రం మన కొలత మనమే చిన్నదిగా పెట్టుకుని, పోయిన రోజుల్ని పోనిచ్చి, మళ్ళీ కూర్చోవాలి.

సావనీరు వచ్చే సంవత్సరం కూడా వెలువడుతుంది. ఈ పుటలు తిరగేస్తూ "నేనూ ఏదో రాయవలసింది" అనుకుంటున్న మిత్రులకు చివరిగా ఒక్క మనవి. ఆ "ఏదో" ఏమిటో ఈ సంచిక చివరి అట్ట లోపలి వైపున పెన్సిలుతో ఒక్క గీతలో రాసిపెట్టండి. మిగతాది రేపటి అరగంట చూసుకుంటుంది.